పూతకు వచ్చిన పొదలకు చోటు మార్చుట

మన పాఠశాల తూర్పు ప్రహరీగోడ ప్రక్కన ఏడు పూలపొదలు కలవు. నందివర్ధనములు రెండు, మందారములు రెండు, ఎర్రగన్నేరు ఒకటి, గుండుమల్లె ఒకటి, పారిజాతము ఒకటి. ఈ సంవత్సరము దసరా సెలవుల తరువాత ఆ స్థలమున క్రొత్త తరగతి గదులకు పునాదులు త్రవ్వబోవుచున్నారు. గదులు మనకు మిక్కిలి అవసరము. ఎనిమిదవ తరగతివారు వరండాలో కూర్చుండి చదువుచున్న సంగతి తల్లిదండ్రులెరుగుదురు. కావున గదులు వలదనువారు మనలో ఎవ్వరును లేరు. స్థలము చూడవచ్చిన మేస్త్రి పొదలవైపు తిరిగి, "ఇవి యెంతపని, ఒక ఉదయములో నరికించి వేయుదును" అనెను. తోటపని చూచుకొను మేము ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ నందివర్ధనములను నాటినవారు ఈ పాఠశాలలో చదివిన తొలి విద్యార్థులు. వారి బిడ్డలు కొందరు నేడు మన తరగతులలో నున్నారు.

ప్రధానోపాధ్యాయులు మాకు సెప్టెంబరు నెలాఖరు వరకు గడువిచ్చిరి. ఈలోపల పొదలను పడమటి వైపునకు, నీళ్లతొట్టి దాపునకు మార్చవలెను. ఆ పనిని యేవిధముగా చేయదలచితిమో, ఏల అట్లు చేయదలచితిమో ఇచట వివరించుచున్నాము. ఇంటిపెరటిలో ఇట్టి అవసరము కలిగినవారికి కూడ ఇది పనికివచ్చును.

మొదట మా తప్పు చెప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట వార్షికోత్సవ వేదికకు అడ్డముగా నున్నదని ఒక మందారమును మార్చితిమి. అది మార్చి నెల, మిట్టమధ్యాహ్నము. చెట్టు నిండుగా పూచియున్నది. అందము చెడునని ఒక్క కొమ్మనైనను కత్తిరింపలేదు. గడ్డపారతో చుట్టును పొడిచి పెల్లగించితిమి. వేళ్లనంటిన మట్టి యంతయు రాలిపోయెను. క్రొత్త గోతిలో నిలిపి, పచ్చిపేడ వేసి, బిందెలకొలది నీరు పోసితిమి. మూడవనాటికి ఆకులు వాలిపోయినవి. నీరు చాలలేదనుకొని మరింత పోసితిమి. పదునైదు దినములలో చెట్టు చచ్చినది. ఆనాడు మేము చేసిన పనులలో తప్పు కానిది ఒక్కటియు లేదని ఇప్పుడు తెలియుచున్నది.

చెట్టు నీరు త్రాగునది లావుపాటి వేళ్లతో కాదు. లావువేళ్లు చెట్టును నిలబెట్టును, నీటిని పైకి చేరవేయును, ఆహారమును నిలువచేయును. నేలలోని నీటిని పీల్చునవి కొసలనుండు సన్నని పిల్లవేళ్లు, వాటిపై కంటికి కనబడీ కనబడనట్లుండు మూలకేశములు. ఈ పిల్లవేళ్లు కాండము మొదటనే యుండునని పలువురు తలచెదరు. కాని అవి కొమ్మల నీడ పడు మేరను దాటికూడ ప్రాకిపోవును. కావున మనము కాండము చుట్టు ఒక అడుగు మేర త్రవ్వి చెట్టును పైకెత్తినప్పుడు, నీరు పీల్చు వేళ్లలో అధికభాగము పాతచోటనే మిగిలిపోవును. పైనున్న ఆకులు మాత్రము అన్నియు నుండును. వాటి సూక్ష్మరంధ్రముల గుండ నీరు ఆవిరియగుచునే యుండును. రాబడి పోయి ఖర్చు నిలిచిన సంసారమువలె చెట్టు కొలది దినములలో దివాలా తీయును. చోటు మార్చుటలోని పనులన్నియు ఈ జమాఖర్చులను సరిచేయుటకే.

రాబడిని ముందుగనే పెంచుకొను ఉపాయమొకటి కలదు. వేరును పదునైన పారతో నరికినచో, నరికిన చోటికి కొంచెము వెనుకనుండి క్రొత్త పిల్లవేళ్లు గుంపుగా పుట్టును. కావున చెట్టును ఎత్తుటకు రెండు నెలల ముందే, అది తన చోటనుండగనే, చుట్టును వేళ్లు నరికి వదలివేయవలెను. అట్లు చేసినచో మనము తీసికొనిపోవు మట్టిముద్దలోనే క్రొత్తవేళ్లు నిండును. అయితే అన్ని వేళ్లను ఒక్కసారి నరుకరాదు. కాండము చుట్టు వలయము గీసి, దానిని నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు మొదట త్రవ్వవలెను. మూడు నాలుగు వారముల తరువాత తక్కిన రెండును త్రవ్వవలెను. ఈలోపల చెట్టు మిగిలిన సగము వేళ్లతో బ్రదుకును.

మేము జూలై మొదటి వారమున ఆరు పొదలకు మొదటి సగము త్రవ్వితిమి. కాండము నుండి ఒక సగటు అరచేతి పొడవు దూరమున, పార వెడల్పున, ఒక అడుగు లోతున కాలువ తీసి, తగిలిన వేళ్లను నున్నగా కోసి, ఇసుకయు చివికిన ఆకుమట్టియు కలిపి కాలువను పూడ్చి నీరు పోసితిమి. వేలెడు లావున్న వేరును గడ్డపారతో చితుకగొట్టరాదు; రంపముతోనో కత్తెరతోనో కోయవలెను. చితికిన వేరు కుళ్లును, కోసిన వేరు చిగుర్చును. రెండవ సగము ఈ నెలాఖరున త్రవ్వెదము.

ఎత్తుటకు ఆగస్టు చివరి దినములను ఏర్పరచుకొంటిమి. దీనికి కారణము గాలి. మన హోసూరు ప్రాంతము సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. జూలై నడుమ నుండి ఆగస్టు నడుమ వరకు, అనగా తమిళుల ఆడిమాసమున, ఇచట పడమటిగాలి విడువక వీచును. ఆడిగాలికి సన్నెకల్లు కూడ ఎగురునని మన ఇరుగుపొరుగు తమిళులు చెప్పుకొనుట మీరందరును వినియే యుందురు. వేళ్లు తక్కువైన చెట్టుకు ఎండకంటె గాలి యెక్కువ శత్రువు. ఆకుల నీటిని హరించును, కాండమును ఊపి క్రొత్తవేళ్లను తెంపును. ఆ గాలి తగ్గిన తరువాత, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మనకు మంచి వానలు కురియును. ఆ వానలకు ముందుగా పొదలు క్రొత్తచోట కుదురుకొనవలెనని మా ఆశ.

ఇక ఖర్చు తగ్గించుట. ఎత్తుటకు నాలుగైదు దినముల ముందు కొమ్మలను కత్తిరింపవలెను. పూర్వము తోటమాలులు సగముకంటె ఎక్కువ నరికి, మిగిలిన ఆకులను కూడ దూసివేయుచుండిరి. ఇది మితిమీరిన పని. వేరు పెరుగుటకు వలసిన ఆహారమును చేయునవి ఆకులే. కొమ్మకొసలలోని చిగుళ్లు పంపు ఆక్సిన్ అను పదార్థము వేళ్లు పుట్టుటకు తోడ్పడును. కావున మందారమునకు, నందివర్ధనమునకు, గన్నేరుకు మూడవ వంతు తగ్గించిన చాలును. ఎండుపుల్లలను, ఒకదానితో నొకటి రాచుకొను కొమ్మలను మొదట తీయవలెను. పూలను, మొగ్గలను మాత్రము ఒక్కటియు మిగుల్చక త్రుంచవలెను. ఆరవ తరగతి బాలికలకు ఇది మనసొప్పని పని యని మాకు తెలియును. పువ్వు చెట్టునకు ఖర్చే కాని రాబడి కాదు.

మల్లె సంగతి వేరు. గుండుమల్లెను సాగుచేయువారు ప్రతి సంవత్సరము నవంబరు నెలాఖరున దానిని 50 సెంటీమీటర్ల ఎత్తునకు కత్తిరింతురు. అట్లు కత్తిరించిననే మరుసటి వేసవిలో బాగుగా పూయును. మనము గడువు లేక మూడు నెలలు ముందుగా కత్తిరించుచున్నాము. అందువలన నష్టము లేదు.

గన్నేరు విషయమున ఒక హెచ్చరిక. దాని ఆకు, పువ్వు, బెరడు, పాలు అన్నియు విషమే. కత్తిరించునప్పుడు చేతులకు తొడుగులుండవలెను. కన్ను నులుముకొనరాదు, పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. కోసిన కొమ్మలను మంటవేయరాదు. పొగయు హాని చేయును. పశువులకు అందునట్లు పారవేయరాదు. పని చేయవచ్చినవారిలో పలు భాషలవారుందురు కనుక ఈ మాట అందరికి అర్థమగునట్లు చెప్పవలెను. మనము గన్నేరందుము, తమిళులు అరళి యందురు, కన్నడమువారు కణగిలె యందురు. విషము మాత్రము మూడు భాషలలోను ఒక్కటే.

మట్టిముద్ద ఎంత యుండవలెను? కాండము లావునకు పది పండ్రెండు రెట్లు వెడల్పుండవలెనని తోటపనివారి లెక్క. మన పొదల కాండములు ఇంచుమించు అంగుళమున్నరకు లోబడియున్నవి కనుక 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు సరిపోవును. దీని బరువెంతో తొమ్మిదవ తరగతివారిని కట్టుమనగా, తడిమట్టి లీటరుకు 1.7 కిలోలని తీసికొని, దాదాపు 64 కిలోలని కట్టిరి. గోనెపట్టాపై నలుగురు మోయదగిన బరువే. 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు గల ముద్ద 30 కిలోలుండగా, వెడల్పును రెట్టించి 45 సెంటీమీటర్ల లోతు తీసినచో 216 కిలోలగును. అనగా ఏడు రెట్లు.

ఈ లెక్కయే పారిజాతము సంగతి తేల్చినది. దాని కాండము 7 సెంటీమీటర్లు దాటినది. 75 సెంటీమీటర్ల ముద్ద తీయవలెను. 45 సెంటీమీటర్ల లోతున దాని బరువు 330 కిలోలు దాటును. యంత్రముతో ఎత్తింపరాదా యని ఒక విద్యార్థి అడిగెను. ఎత్తింపవచ్చును. కాని మన ఎర్రనేల వదులైనది. యంత్రపు తొట్టిలో పడగనే మట్టి విడిపోయి వేళ్లు బయటపడును. ఇనుప పండ్లతో పెరికిన ముదురు వేళ్లు మరల చిగుర్చునన్న నమ్మకము మాకు లేదు. కావున పారిజాతమును మార్చలేము. ఇది వ్రాయుటకు మాకు కష్టముగనే యున్నది. దాని కాయలు నాణెములవలె చదునుగా నుండి రెండు అరలుగా విడిపోవును. ఒక్కొక్క అరలో ఒక్కొక్క గింజ యుండును. ఎండినవాటిని ఏరి దాచితిమి. కొమ్మముక్కలను కూడ నాటి చూచెదము. దాని సంతతి దక్కును కాని ఆ చెట్టు దక్కదు.

ఎత్తుటకు ముందునాడు పొదలకు నిండుగా నీరు పోయవలెను. పొడిగానున్న ఎర్రమట్టి ముద్దగా నిలువదు. సాయంకాలమున, మబ్బుపట్టియున్నచో మరియు మంచిది, మొదటి కాలువకు నాలుగు వ్రేళ్ల అవతలగా త్రవ్వవలెను. పాత వలయమునందే త్రవ్వినచో రెండు నెలలుగా పుట్టిన వేళ్లను మన చేతులతోనే నరికినట్లగును. తడిపిన గోనెను ముద్దక్రింద దూర్చి, చుట్టి, పురికొసతో బిగింపవలెను. కాండము పట్టుకొని ఎత్తరాదు. గోనెను పట్టి ఎత్తవలెను.

క్రొత్త గొయ్యి ముందే సిద్ధముగా నుండవలెను. ముద్దకు రెండింతల వెడల్పు, ముద్దతో సమానమైన లోతు. లోతెక్కువైనచో చెట్టు క్రుంగి కాండము మట్టిలో కూరుకొనిపోవును. పాతచోట మట్టి ఎంతవరకుండెనో కాండముపై సున్నముతో గురుతు పెట్టుకొని, సరిగా అంతవరకే పూడ్చవలెను. పచ్చిపేడ, రసాయనపు ఎరువు వేయరాదు. కోసిన వేళ్లను అవి కాల్చును. త్రవ్వి తీసిన మట్టినే మరల వేసి, నీరుపోసి, మట్టిని నీటితోనే సర్దుకొననీయవలెను. కాళ్లతో గట్టిగా త్రొక్కుట పాత అలవాటు. గాలి చొరని నేలలో వేరు పెరుగదు.

అటుపిమ్మట రెండు మూడు వారములు పడమటి, దక్షిణపు వైపుల కొబ్బరిమట్టలతో నీడ కట్టవలెను. పాదులో ఎండుటాకులు నాలుగు వ్రేళ్ల మందమున పరచి, కాండమునకు మాత్రము తగులకుండ చూడవలెను. నీరు పాదు అంచున కాక ముద్దపైననే పోయవలెను, ఏలయనగా వేళ్లన్నియు ఇంకను దానిలోనే యున్నవి. చుట్టు నేల తడిగా నున్నను ముద్ద ఎండిపోవచ్చును. వ్రేలు గ్రుచ్చి చూచి, లోన పొడిగానున్ననే పోయవలెను. మా మందారమును చంపినది సగము ఎండ, సగము మా బిందెలు.

మందారము ఆకులు పసుపెక్కి రాలవచ్చును. భయపడి పెరికివేయరాదు. గోటితో బెరడును గీరి చూచినచో, లోన పచ్చగా నున్న చెట్టు బ్రదికియున్నట్లే. చిగురు వచ్చుటకు నెల పట్టవచ్చును.

కత్తిరించిన కొమ్మలు వృథాపోవు. పెన్సిలు లావున, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులతో కోసిన మందారము, నందివర్ధనము, మల్లె కొమ్మలు ఇసుకమట్టిలో వేరుపట్టును. మార్చిన పొద చచ్చినను దాని బిడ్డ యొకటి యుండునని వీటిని ముందుగా నాటెదము. మిగిలినవి అడిగినవారికి ఇత్తుము. ఆగస్టు నాలుగవ వారమున, అడుగున చిల్లు గల కుండయో డబ్బాయో తెచ్చుకొనవలెను.

చోటు మారిన పొదకు అసలు పరీక్ష వచ్చు వేసవి. మార్చి నుండి మే వరకు వారమునకు రెండుసార్లయినను ఆరు పొదలకును నీరు పోయవలెను. మే నెలలో పాఠశాల మూసియుండును. దగ్గరనుండు విద్యార్థులు, తల్లిదండ్రులు తమకు వీలగు వారమునకు ఎదురుగా పేరు వ్రాయుటకై గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టితిమి. తాళపుచెవి నీళ్లతొట్టి కావలివాని యొద్ద నుండును. మొదటి రెండు వారములకు పదకొండు పేర్లు వచ్చినవి. మూడవ వారమునకు ఇంకను ఎవ్వరును వ్రాయలేదు.