1994 నాటి ఆకుపచ్చ జెర్సీ: నైజీరియా జట్టు, నైజీరియా జైలు

పాత ఫుట్‌బాల్ జెర్సీలు సేకరించేవాళ్ళ లోకంలో 1994 నాటి నైజీరియా జెర్సీకి పెద్ద పేరుంది. అడిడాస్ తయారు చేసిన ఆ జెర్సీల్లో ఒకటి ఆకుపచ్చది. రెండోది తెల్లది, దాని నిండా అచ్చుగుడ్డ మీద ఉండే లాంటి నమూనా. ఆ ఏడాది అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో నైజీరియా మొదటిసారి అడుగుపెట్టింది. జూన్ 21న డాలస్‌లో బల్గేరియా మీద రషీది యెకిని గోల్ కొట్టాడు. ప్రపంచ కప్‌లో ఆ దేశానికి అదే తొలి గోల్. కొట్టినవాడు నేరుగా గోల్‌పోస్టులోకి పరుగెత్తి, వల కన్నాల్లో రెండు చేతులూ దూర్చి, దాన్ని గట్టిగా పట్టుకుని కన్నీళ్ళతో అరిచాడు. నైజీరియా 3-0తో గెలిచింది. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. జెర్సీ మీద మోజులో సగం ఆ ఫొటో పుణ్యమే.

ఆ ఆట జరిగిన రెండు రోజులకు, జూన్ 23న, నైజీరియాలో మషూద్ అబియోలాను అరెస్టు చేశారు. 1993 జూన్ 12న జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ఆధిక్యం ఆయనదే. సైనిక పాలకుడు బబంగిడ ఆ ఎన్నికను రద్దు చేశాడు. అదే ఏడాది నవంబరులో మరో సైన్యాధికారి సాని అబాచా గద్దెనెక్కాడు. ఏడాది ఎదురుచూసి అబియోలా తానే అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నాడు, జైలుకు వెళ్ళాడు. ఆయన కోటీశ్వరుడు, పేదల ప్రతినిధి అని చెప్పలేం. కానీ ఫుట్‌బాల్‌కు ఆయన పెట్టిన డబ్బు తక్కువ కాదు. 'అబియోలా బేబ్స్' పేరుతో సొంత క్లబ్బు నడిపాడు. 1980లలో ఆ క్లబ్బు తరఫున ఆడినవాళ్ళలో రషీది యెకిని ఒకడు. వల పట్టుకుని ఏడ్చిన ఆటగాడి పాత యజమాని, ఆ కన్నీళ్ళు ఆరకముందే ఖైదీ అయ్యాడు. జెర్సీలు అమ్మేవాళ్ళు రాసే వివరాల్లో ఈ మాట మాకు ఎక్కడా కనబడలేదు.

ఆకుపచ్చ కూడా మొదటి నుంచి ఉన్న రంగు కాదు. బ్రిటిష్ పాలనలో నైజీరియా జట్టు ఎర్ర జెర్సీలు వేసుకునేది, అందుకే దాన్ని 'రెడ్ డెవిల్స్' అనేవారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక జెండా రంగు ఒంటి మీదికి వచ్చింది, పేరు 'గ్రీన్ ఈగల్స్' అయింది. 1988 నుంచి 'సూపర్ ఈగల్స్' అంటున్నారు. దీనికంతటికీ ముందు 1949లో ఎంపిక చేసిన జట్టు ఒకటి ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళింది. వాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. లివర్‌పూల్ దగ్గర క్రాస్బీలో మరీన్ అనే క్లబ్బును మొదటి ఆటలోనే 5-2తో ఓడించారు. ఆ జట్టులోని తెస్లిమి బలోగన్ తర్వాత ఇంగ్లండ్ లీగ్‌లో ఆడిన తొలి నైజీరియన్ అయ్యాడు. తిరుగు ప్రయాణంలో ఫ్రీటౌన్‌లో ఆగి సియెరా లియోన్‌ను 2-0తో గెలిచారు. నైజీరియా అధికారిక అంతర్జాతీయ చరిత్ర అక్కడ మొదలవుతుంది.

వట్టి కాళ్ళ ఆటగాళ్ళు తెల్లవాళ్ళకు వింతగా కనిపించారు. అంతకు ఏడాది ముందు లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కూడా ఎక్కువగా వట్టి కాళ్ళతోనే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడింది. అక్కడ వట్టి కాళ్ళు అలవాటు వల్ల వచ్చినవి, ఆజ్ఞ వల్ల కాదు. ఊరి నడివీధిలో చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చినవాళ్ళ మనవళ్ళం, మనవరాళ్ళం కాబట్టి ఈ తేడా దగ్గర మేము కాసేపు ఆగాం.

1980లో లాగోస్‌లో అల్జీరియాను 3-0తో ఓడించి నైజీరియా తొలి ఆఫ్రికా కప్ గెలిచింది. 1989లో అదే స్టేడియంలో అంగోలాతో ఆడుతూ శామ్ ఒక్వరాజి కుప్పకూలి చనిపోయాడు. అతను న్యాయశాస్త్రం చదివిన ఆటగాడు, పాతికేళ్ళవాడు. 1994 ఏప్రిల్‌లో రెండో ఆఫ్రికా కప్ వచ్చింది. ఒకోచా, అమోకాచి, ఫినిది జార్జ్, అమునికె, కెప్టెన్ స్టీఫెన్ కేషి, ముందు వరసలో యెకిని. ఆ జట్టు ఆ నెలలో ఫీఫా ర్యాంకుల్లో ఐదో స్థానానికి ఎక్కింది. ప్రపంచ కప్‌లో మాత్రం ఇటలీ చేతిలో అదనపు సమయంలో 2-1తో ఆగిపోయింది.

ఇప్పుడు ఆఫ్రికా కప్పుల జాబితా తీసి చూడండి. 1994లో గెలిచిన జట్టు, ఆటలో అంత ఊపు మీదున్న జట్టు, 1996 టోర్నీలో లేదు. 1998లోనూ లేదు. కారణం మైదానంలో దొరకదు. నైజర్ డెల్టాలో ఓగోని అనే చిన్న జాతి ఉంది. వాళ్ళ నేల కింద చమురు, నేల మీద పేదరికం. షెల్ కంపెనీ, ప్రభుత్వం కలిసి చమురు తోడుకున్నాయి. పొలాలు, వాగులు నూనె పాలయ్యాయి. 1990లో ఓగోనీలు తమ హక్కుల పత్రం రాసుకున్నారు. రచయిత కెన్ సారో-వివా ఆ ఉద్యమానికి గొంతు అయ్యాడు. 1993 జనవరి 4న లక్షల మంది నడిచారు. 1994 మే నెలలో నలుగురు ఓగోని పెద్దలు హత్యకు గురయ్యారు. ఆ నేరం సారో-వివా మీద మోపి జైల్లో పెట్టారు. అంటే యెకిని వల పట్టుకున్న రోజున ఆయన కూడా నిర్బంధంలోనే ఉన్నాడు. సైన్యం వేసిన ప్రత్యేక ట్రిబ్యునల్ విచారించింది. 1995 నవంబరు 10న పోర్ట్ హార్కోర్ట్‌లో ఆయననూ మరో ఎనిమిది మందినీ ఉరితీశారు.

అప్పుడు ఆక్లండ్‌లో కామన్వెల్త్ దేశాల సమావేశం జరుగుతోంది. మండేలా అబాచాను గట్టిగా ఖండించాడు. కామన్వెల్త్ నైజీరియాను సస్పెండ్ చేసింది. కొద్ది వారాల్లో ఆఫ్రికా కప్ జరగాల్సింది దక్షిణాఫ్రికాలోనే. అబాచా ప్రభుత్వం జట్టును వెనక్కి లాగేసింది. ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షగా 1998 టోర్నీ నుంచి కూడా వెలివేసింది. ఆటగాళ్ళ కాళ్ళలో సత్తువ ఉన్న కాలమంతా అలా పోయింది. ఆటనూ రాజకీయాన్నీ కలపకండి అని నీతులు చెప్పేవాళ్ళను ఒక్కటే అడుగుతాం: ఇక్కడ కలిపింది ఎవరు? ఉరితీసిన వాడా, ఉరిని ప్రశ్నించిన వాడా?

1996లో అమెరికాలో జరిగిన ఒలింపిక్స్‌లో సెమీఫైనల్‌లో బ్రెజిల్‌ను 4-3తో, ఫైనల్‌లో అర్జెంటీనాను 3-2తో ఓడించి నైజీరియా బంగారు పతకం తెచ్చుకుంది. ఆఫ్రికాకు ఫుట్‌బాల్‌లో అదే తొలి ఒలింపిక్ బంగారం. ఈసారి జెర్సీ నైకీది. సేకరించేవాళ్ళు దీన్నీ వెతుకుతారు. ఆ ఆటగాళ్ళను మేము తప్పు పట్టడం లేదు. జనం వాళ్ళను నియంత కోసం ప్రేమించలేదు, నియంత ఉన్నా ప్రేమించారు.

పాత జెర్సీల వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకోవాలి. ఆటగాడు మైదానంలో వేసుకున్న జెర్సీది అన్నిటికంటే పై ధర. జట్టు కోసం తయారై వాడకుండా మిగిలిపోయింది దాని తర్వాత. అభిమానుల కోసం దుకాణాల్లో అమ్మినది మూడోది. బజార్లో ఎక్కువగా దొరికేది ఈ మూడోదే, దానికి నకిలీలూ ఎక్కువే. కొనేవాళ్ళు లోపలి లేబులు, కుట్టు, చిహ్నం దారంతో కుట్టిందా అచ్చు వేసిందా అని చూస్తారు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 2006లో మొదలైన 'క్లాసిక్ ఫుట్‌బాల్ షర్ట్స్' లాంటి సంస్థలు దీన్ని పెద్ద వ్యాపారంగా మార్చాయి. నైజీరియాలో మాత్రం పాత బట్టకు వేరే పేరుంది. పోర్ట్ హార్కోర్ట్ పక్కనున్న రేవు ఊరి పేరు మీద దాన్ని 'ఒక్రికా' అంటారు. అక్కడి దిగుమతుల నిషేధం కాగితం మీద ఉంది, యూరప్ వాళ్ళు వదిలేసిన బట్టల మూటలు మాత్రం దిగుతూనే ఉన్నాయి. ఒకే పాత చొక్కా మాంచెస్టర్‌లో అపురూపం, లాగోస్ సంతలో చవకబట్ట.

2018లో నైకీ ఆ 94 జ్ఞాపకాన్నే మళ్ళీ కుట్టింది. అసలు జెర్సీ చేసింది దాని పోటీ కంపెనీ అన్నది వేరే సంగతి. ఒంటి మీద ఆకుపచ్చ, తెలుపు వంకర గీతలు, చేతుల మీద నలుపు, తెలుపు. ముందస్తు ఆర్డర్లే 30 లక్షలని నైజీరియా ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పింది. జూన్ 1న అమ్మకం మొదలైన రోజునే సరుకు అయిపోయింది. లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో జనం బారులు తీరారు. ధర దాదాపు 65 పౌండ్లు. అప్పుడు నైజీరియాలో చట్టం చెప్పిన కనీస వేతనం నెలకు 18,000 నైరాలు. ఆ పౌండ్లను నైరాల్లోకి మారిస్తే నెల జీతాన్ని దాటిపోతుంది. సొంత జట్టు జెర్సీ కొనలేని జనానికి నకిలీలే దిక్కయ్యాయి. నకిలీ కొన్నవాణ్ణి దొంగ అనడానికి మాకు నోరు రాదు. బాబాసాహెబ్ బొమ్మ వేసిన టీషర్టులు ఆన్‌లైన్ దుకాణాలకు సరుకైన కాలంలో ఉన్నాం కాబట్టి, గుర్తు ఒకరిదీ లాభం మరొకరిదీ కావడం ఎలా ఉంటుందో మనకూ తెలుసు.

ఇంకో మాట. ఆఫ్రికా మహిళల కప్పును పదిసార్లు గెలిచిన 'సూపర్ ఫాల్కన్స్' కూడా నైజీరియా జట్టే. 2016లో కప్పు తెచ్చాక బోనస్ బకాయిల కోసం ఆ అమ్మాయిలు అబుజాలో పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ పాత జెర్సీల కోసం ఎవరూ బారులు తీరలేదు.

దేశం తరఫున 37 గోల్స్ కొట్టిన యెకిని చివరి ఏళ్ళు ఒంటరిగా గడిపి 2012 మేలో చనిపోయాడు. వయసు 48. అబాచా 1998 జూన్ 8న చనిపోయాడు. నెల తిరగక ముందే, జూలై 7న, అబియోలా నిర్బంధంలోనే కన్నుమూశాడు. 2018 జూన్ 6న, అంటే నైకీ జెర్సీ అమ్ముడైపోయిన ఐదు రోజులకు, నైజీరియా ప్రభుత్వం జూన్ 12ను ప్రజాస్వామ్య దినంగా ప్రకటించి, అబియోలాకు దేశపు అత్యున్నత గౌరవం ఇచ్చింది. 2025లో అదే జూన్ 12న సారో-వివాకూ ఆయనతో ఉరికంబమెక్కిన ఎనిమిది మందికీ అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమించడానికి వాళ్ళు చేసిన నేరమేమిటి, నిర్దోషులని ప్రకటించండి అని ఓగోని ఉద్యమకారులు ఇంకా అడుగుతున్నారు.