తీగకు దారి చూపు చిన్న రేకు

1955లో మద్రాసులో ఏర్పడిన కంపెనీనుండి వెలువడిన పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళు మన ఊళ్ళలో నేటికిని నడుచుచున్నవి. వాటిని మరమ్మతునకు విప్పినపుడు మనము ఇంజను గూర్చియే ఆలోచింతుము. క్లచ్ వైరును, ముందు బ్రేకు వైరును, యాక్సిలరేటర్ వైరును వాటి దారిలో నిలుపు చిన్న గైడులను లెక్కింపము.

1896లో ఎర్నెస్ట్ బౌడన్ పేటెంటు పొందిన ఈ వైరులో రెండు భాగములున్నవి: లోన కదలు ఉక్కుతీగ, వెలుపల నిలుచు తొడుగు. తొడుగు నలిగినను, ఇరుకుగా వంగినను లోని తీగ రాపిడిచే బిగుసుకొనును. గైడు విరిగినచో వైరు జారి పొగగొట్టమును తాకవచ్చును. ట్యాంకునకు, హ్యాండిలునకు నడుమ నలుగవచ్చును.

పరీక్ష సులభము. బండిని స్టాండుపై నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను మెల్లగా నడుచుచుండగా, హ్యాండిలును ఇరువైపుల చివరివరకు త్రిప్పవలెను. ఇంజను వేగము తనంత తాను పెరిగినచో యాక్సిలరేటర్ వైరు ఎచటనో లాగబడుచున్నదన్నమాట. మలుపులో ఇది ప్రాణాపాయము.

క్రొత్త గైడులో వైరు జారవలెను గాని బిగియరాదు. రేకు అంచులను ఆకురాయితో నునుపుచేసి, లోపల రబ్బరు తొడుగుట మేలు. ఫ్రేమునకు అతికిన గైడు విరిగినచో, వెల్డింగునకు ముందు పెట్రోలు ట్యాంకును దించి దూరముగా నుంచి, బ్యాటరీ వైర్లను విప్పి తీరవలెను. అంతవరకు నైలాను పట్టీని వదులుగా కట్టవచ్చును. తొడుగు చిట్లినచో, తీగ పోగులు తెగినచో గైడు మార్చిన చాలదు, వైరునే మార్చవలెను.

పని ముగిసిన పిదప హ్యాండిలు పరీక్షను మరల చేయక బండిని రోడ్డెక్కింపవలదని మా మనవి.