సరస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం



కొండ మీది ఊళ్లకు వెళ్లివచ్చిన ఇల్లాలిని ‘ఏం చేశారండీ అక్కడ?’ అని అడిగి చూడండి. పడవ ఎక్కామంటుంది, ఫొటోలు దిగామంటుంది, పిల్లలకి స్వెట్టర్లు కొన్నామంటుంది. ‘మరి నడిచారా?’ అంటే మాత్రం తెల్లబోతుంది. నడవడానికి అంత దూరం పోవాలా అనుకుంటాం మనం. ఒక్కసారైనా పోవాలనే నేనంటాను. ఎందుకో చెబుతాను, వినండి.

తమిళనాడులో పళని కొండల మీద, సుమారు ఏడువేల అడుగుల ఎత్తున ఉంది కొడైకెనాల్. ఊరి నడుమనున్న సరస్సు దేవుడిచ్చింది కాదు, మనుషులు కట్టుకున్నది. మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజ్ అనే దొర 1863లో అక్కడి వాగులకు అడ్డుకట్ట వేయించి ఈ నీటిని నిలబెట్టాడు. విస్తీర్ణం దాదాపు 60 ఎకరాలు. కొండ మడతల్లోకి నీరు చొరబడటం వల్ల ఆకారం గుండ్రంగా ఉండదు, నక్షత్రంలా వేళ్లు చాచినట్టుంటుంది. అందుకే ఎదురుగా దగ్గరలో కనిపించే గట్టు చేరాలన్నా చాలా దూరం చుట్టి పోవాలి. ఆ చుట్టు దారే సుమారు 5 కిలోమీటర్లు.

‘అమ్మో, కొండ దారి! మా మోకాళ్లకి పడదు’ అంటారేమో. నీరు పల్లమెరుగు అన్నారు కదా. నీటి అంచునే పోయే దారికి ఎక్కుడు దిగుడు తక్కువ. పైగా ఇది చుట్టు దారి. బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం కనుక తప్పిపోతామన్న బెంగ లేదు, దారి చూపించే మగతోడు కోసం ఎదురుచూడనక్కరలేదు. నెమ్మదిగా నడిచినా గంటన్నర చాలు.

గుళ్లో ప్రదక్షిణం చేసినట్టే సరస్సును కుడిచేతి వైపు ఉంచుకుని నడవండి. ఇందులో ఒక సౌకర్యముంది. రోడ్డుకి కుడి అంచున ఉంటాం కాబట్టి వచ్చే బండ్లు వెనక నుంచి కాక ఎదురుగా కనిపిస్తాయి. ప్రత్యేకంగా నడకదారి ఉన్న చోట దాన్ని విడవకండి. తెల్లవారిన తరవాత, అద్దె సైకిళ్లూ గుర్రాలూ రోడ్డెక్కక ముందే బయలుదేరితే మంచిది. అప్పుడు నీటి మీద పొగమంచు కూడా చూడొచ్చు.

నడుస్తూ చెట్లను గమనించండి. నిటారుగా, తెల్లటి మానుతో ఉన్నవి మనం జామాయిల్ అనే నీలగిరి చెట్లు. ఆకు నలిపి వాసన చూస్తే జలుబు మందు గుర్తుకొస్తుంది. సూదుల్లాంటి ఆకులవి పైన్ చెట్లు. ఇవేవీ ఆ కొండల సొంత బిడ్డలు కావు, బయటినుంచి తెచ్చి నాటినవి. అక్కడి అసలు అడవిని ‘షోలా’ అంటారు. లోయ మడతల్లో పొట్టిగా, దట్టంగా పెరిగే చెట్లు. చుట్టూ పచ్చిక మైదానాలు. వానాకాలపు నీటిని ఈ రెండూ కలిసి స్పంజిలా పీల్చి దాచుకుని, తరవాత కొంచెం కొంచెంగా వాగుల్లోకి వదులుతాయి. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి పుట్టిల్లు కూడా ఆ పచ్చికే. కిందటిసారి 2018లో పూసింది, మళ్లీ 2030లో. సరస్సు నిండి పొర్లిన నీరే ఘాట్ రోడ్డు పక్కన ‘సిల్వర్ కాస్కేడ్’ జలపాతమై దూకుతుంది. అంటే ఒడ్డున మనం పారేసిన చెత్త అక్కడితో ఆగదన్నమాట! అక్కడ చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. ఇంటినుంచి స్టీలు సీసా తీసుకెళ్లండి.

మరికొన్ని జాగ్రత్తలు. ఆ ఎత్తున గాలి మన ఊళ్లలో కన్నా ఐదోవంతు పలచన. మొదటిరోజు కొంచెం ఆయాసం వస్తుంది. ఆ రోజు ఊరుకుని, మర్నాడు నడవండి. ఎంత వేగమంటారా? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన కొలత. చీర కుచ్చెళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టి, మేజోళ్లతో బూట్లు వేసుకోండి. చీర మీద బూట్లేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, కాళ్లు మనవి. చక్కెర జబ్బున్నవారు కాస్త బెల్లం ముక్క కొంగున కట్టుకోవాలి. గుండె జబ్బుంటే ముందు డాక్టరునడగాలి. తినేవి కోతుల కంట పడనీయకండి. అడవిదున్నలు ఊళ్లోకీ వస్తుంటాయి. కనిపిస్తే దూరంగా ఆగిపోండి, ఫొటోల సరదా వద్దు. 2024 మే నెలలో బయటి వాహనాలకి ఈ-పాస్ పద్ధతి పెట్టారు. బయలుదేరే ముందు ఆ సంగతి కనుక్కోండి.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ మూడుసార్లు కొడైకెనాల్ వెళ్లారు. మూడుసార్లూ సామాను దగ్గర కాపలా కూర్చున్నారు, లేదా పులిహోర పొట్లాలు కట్టారు. సరస్సు అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. ఇప్పుడు మోకాళ్లు లేవనివ్వడం లేదు. ఎవరూ ఆవిణ్ణి వద్దనలేదండీ, రమ్మని కూడా అనలేదు. మనలో చాలామంది కథ ఇదే కాదూ? పొద్దుటినుంచీ ఇంట్లో తిరుగుతూనే ఉన్నాం, ఇదే వ్యాయామం అనుకుంటాం. కానీ పొయ్యికీ పంపుకీ మధ్య ఆగి ఆగి వేసే అడుగులు గుండెకి చాలవు. వారానికి నూటయాభై నిమిషాలైనా చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు, అంతే.

కొడైకెనాల్ వెళ్లే వీలు అందరికీ ఉండదు. మీ ఊరి చెరువుగట్టున్నా, చెట్లున్న పార్కున్నా సరే, ఒక చుట్టు లెక్క పెట్టుకోండి. ఈసారి ప్రయాణం కుదిరితే మాత్రం ఒక పూట పులిహోర హోటలువాళ్లకి వదిలేయండి. సామాను గదిలో పెట్టి తాళం వేయండి. ‘గంటన్నరలో వస్తాను’ అని చెప్పి బయలుదేరండి. వెంట ఎవరొస్తారో, మీరే చూద్దురుగాని!