ఇంటి సర్వర్‌కి ఏ ఓఎస్? ముందు ప్రింటర్‌ను అడగండి!

ఇబ్రహీంపూర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సిద్దిపేట జిల్లా, నారాయణరావుపేట మండలం. 2016లో నోట్ల రద్దు అయిన కొత్తలో, నగదు లేకుండానే కొనుగోళ్లు జరిపే ఊరని పేపర్లలో, టీవీల్లో మోగిపోయింది. దుకాణాల్లోకి స్వైపింగ్ మిషన్లు వచ్చాయి. కొన్నాళ్లయ్యాక, ఆ మిషన్ల అద్దె భారమై దుకాణదార్లు వెనక్కిచ్చేస్తున్నారన్న వార్తలూ వచ్చాయి. మొదటి వార్త చదివినంత మంది రెండోది చదివి ఉండరు.

మా ఊళ్లో, మా ఇంట్లో ఒక చిన్న ఫైల్ సర్వర్, దానికే ప్రింటర్ పెడదామని కూర్చున్నప్పుడు నా బుర్రలో తిరిగింది ఆ రెండో వార్తే. పెట్టిన రోజు ఏదైనా పనిచేస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు, ఏడాదిన్నర తర్వాత ఒక మంగళవారం పొద్దున, అమ్మ ఫోన్‌లోంచి ప్రింట్ కొడితే కాగితం బయటికి రావాలి. నెలనెలా ఖర్చు పెరగొద్దు. ఏ ఓఎస్ వేయాలన్న ప్రశ్నని నేను ఈ కోణంలోంచే చూశా.

సర్వర్ అంటే అద్దాల గదులు, ఏసీలు ఊహించుకోకండి. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్, అంతే. అందరి ఫోన్లలోని ఫొటోలు, కాగితాలు వైఫై మీద దాంట్లోకి చేరతాయి. ప్రింటర్ వైరు దానికే ఉంటుంది, ఎవరి ఫోన్ నుంచైనా ప్రింట్ ఇవ్వొచ్చు.

“గూగుల్‌ల పెడితె అయిపాయె కదరా, ఈ డబ్బా ఎందుకు?” అన్నాడు బాపు. న్యాయమైన ప్రశ్నే. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫొటోలు కూడా అందులోనే లెక్క. మీకు కావల్సింది ఫొటోలు దాచుకోవడం ఒక్కటే అయితే, నెలకింత కట్టి క్లౌడ్ తీసుకోవడమే సుఖం. ఈ వ్యాసం అక్కడే ఆపేయొచ్చు కూడా. మా లెక్క వేరే. పట్టాదారు పాస్‌బుక్కు, పాత పహాణీలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, చెల్లె మెమోలు, నాయనమ్మవి ఉన్న నాలుగే నాలుగు ఫొటోలు. ఇవన్నీ బాపు సెల్లులో, అదీ తెర పగిలిన సెల్లులో ఉన్నాయి. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా మన దగ్గర కాపీ ఉండాలి కదా. ప్రతిసారీ రెండు పేజీల ప్రింట్ కోసం సిద్దిపేటకు బండి తీయడం ఇంకో ఖర్చు.

ప్రింటర్ చెప్పే మాట

ఓఎస్ గురించి ఎవర్ని అడిగినా ముందు వాళ్లకు నచ్చిన పేరు చెప్తారు. నేను మాత్రం ప్రింటర్ దగ్గరే మొదలుపెట్టమంటా. ఫైళ్లు పంచే పని ఏ ఓఎస్ అయినా చేస్తుంది. పేచీ పెట్టేది ప్రింటరే.

కొత్త వైఫై ప్రింటర్ ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. ఎయిర్‌ప్రింట్ లేదా మోప్రియా ఉందని డబ్బా మీద రాసి ఉంటే ఫోన్ నేరుగా దాంతో మాట్లాడుకుంటుంది, ప్రింట్ సర్వర్ అక్కర్లేదు. కానీ మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్నవి పాత యూఎస్‌బీ లేజర్లు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉందనుకోండి. అది ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. లినక్స్‌లో ఆ పని చేసే ఉచిత డ్రైవర్ ఉంది, చిన్న రాస్‌బెర్రీ పై బోర్డు మీద కూడా నడుస్తుంది. ఎప్సన్ ఇంక్ ట్యాంకులు చాలావాటికీ లినక్స్ డ్రైవర్లు దొరుకుతాయి.

ఇక కేనన్ ఎల్‌బీపీ 2900. ఊరూరా కనిపించే ఆ చిన్న తెల్ల డబ్బా. మా ఇంట్లోదీ అదే, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. దానికి కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది గానీ అది ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసమే. రాస్‌బెర్రీ పై వాడేది ఏఆర్‌ఎం ప్రాసెసర్, అక్కడ నడవదు. ఔత్సాహికులు రాసిన డ్రైవర్ ఒకటి ఉంది, ఇంకా ప్రయోగ దశే. అమ్మ చేతికిచ్చే దాంట్లో ప్రయోగాలు వద్దనుకున్నా.

అంటే ఓఎస్ దాకా పోకముందే, ఏ మిషన్ కొనాలో ప్రింటర్ సగం తేల్చేసింది. మిగతా సగం తేల్చింది కరెంటు మీటర్.

200 యూనిట్ల గీత

పాత డెస్క్‌టాప్ ఒకటి అటక మీద ఉంది. అలాంటిది ఊరికే ఆన్‌లో ఉన్నా 50 వాట్ల దాకా లాగుతుంది. రోజంతా, నెలంతా అంటే 36 యూనిట్లు. పట్నంలో ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి, తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే దాటిన నాలుగు యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. ఎండాకాలంలో కూలర్ నడిచే ఇంట్లో మీటర్ 170, 180 దగ్గర తిరుగుతుంటుంది. దాని మీద 36 వేయండి, సర్వర్ ఖర్చు ఎంతో తెలుస్తుంది. టెక్ వీడియోల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు, వాళ్ల మీటర్ వేరు మరి.

రాస్‌బెర్రీ పై అయితే ఐదు వాట్ల లోపే. కానీ ప్రింటర్ ఒప్పుకోదు. మధ్యేమార్గం ఇంట్లోనే దొరికింది: చెల్లె పక్కన పెట్టేసిన పాత ల్యాప్‌టాప్. 64-బిట్ ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. తెర ఆపేస్తే 12 వాట్ల చుట్టూ ఉంటుంది, నెలకు తొమ్మిది యూనిట్లు. ఇంకో లాభం కూడా ఉంది. కరెంటు పోతే దాని బ్యాటరీయే యూపీఎస్. ఫైల్ రాస్తుండగా గుటుక్కుమని ఆగిపోవడం సర్వర్‌కి అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఒక్క జాగ్రత్త: రాత్రింబవళ్లు చార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. ఇప్పటికే ఉబ్బి ఉంటే తీసి పారేయండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు ఓఎస్

ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. అదే ఉంచేస్తే? ఫోల్డర్ షేర్ చేయడం నాలుగు క్లిక్కుల పని, ప్రింటర్ డ్రైవర్ కూడా ఉంది. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. ఇళ్లవాళ్లకు ఇచ్చిన అదనపు గడువు కూడా ఒక్క ఏడాదే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, ఇది అంతకంటే పాతది. పైగా విండోస్‌లో షేర్ చేసిన యూఎస్‌బీ ప్రింటర్ పక్క విండోస్ కంప్యూటర్‌కి కనిపిస్తుంది గానీ, ఫోన్లకు నేరుగా కనిపించదు. మా ఇంట్లో ఉన్నవన్నీ ఫోన్లే!

“సపోర్ట్ లేకపోతే ఏమైతది, నడుస్తది కదా?” అనే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. వాళ్లకు 2017 మే గుర్తుచేస్తా. వన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది లోపలికి దూరిన దారి ఏంటో తెలుసా? విండోస్ ఫైల్ షేరింగే. ఎస్‌ఎంబీ అనే ఆ పద్ధతి తాలూకు పాత వెర్షన్‌లో లోపం. మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే రిపేర్ ఇచ్చింది. అప్‌డేట్ చేయనివాళ్లు, 2014లోనే సపోర్ట్ ఆగిన ఎక్స్‌పీ లాంటివి వాడుతున్నవాళ్లు దొరికిపోయే స్థితిలో ఉన్నారు. ఫైల్ సర్వర్ చేసే పనే ఫైల్ షేరింగ్. ఆ తలుపుకి అప్‌డేట్లు రాని ఓఎస్‌ని కాపలా పెట్టడం నాకు నచ్చలేదు.

స్టోరేజ్ కోసమే పుట్టినవి కొన్ని ఉన్నాయి. ట్రూనాస్ చాలా గట్టిది, ఫైళ్లు పాడవకుండా చూసే జెడ్‌ఎఫ్‌ఎస్ దాని బలం. కానీ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, రెండు మూడు డిస్కులుంటేనే దానికి అందం. ప్రింటర్ దాని పని కాదు. ఓపెన్‌మీడియావాల్ట్ తేలికైనది, బ్రౌజర్‌లో బటన్లు నొక్కి నడిపించొచ్చు. ప్రింటర్ గొడవ లేనివాళ్లకు నేను చెప్పేది అదే, కళ్లు మూసుకుని వేసుకోండి. దాని కింద ఉండేది డెబియన్ లినక్స్.

మన సీ-డాక్ చేసిన బాస్ లినక్స్ కింద కూడా డెబియనే. ఉబుంటు కూడా అక్కడి నుంచి పుట్టిందే. అలాంటప్పుడు నేరుగా డెబియనే ఎందుకు కాదు అనుకుని అదే వేశా. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్. (మీది మరీ పాత 32-బిట్ కంప్యూటర్ అయితే 13కి ఇన్‌స్టాలర్ లేదు, ముందే చూసుకోండి.) డెబియన్‌లో మెరుపులేం ఉండవు. రెండేళ్లకోసారి కొత్త వెర్షన్, మధ్యలో సెక్యూరిటీ రిపేర్లు తప్ప ఏమీ మారదు. డెస్క్‌టాప్ కోసం అయితే బోర్ కొడుతుందేమో. పాత ప్రింటర్ ఉన్న సర్వర్‌కి మాత్రం ఆ బోరే కావాలి. ఎందుకంటే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ తన రాబోయే మూడో వెర్షన్‌లో పాత తరహా డ్రైవర్లను వదిలేయబోతోంది. తొందరగా మారే ఓఎస్ వేస్తే ఆ మార్పు మన ఇంటికి ముందే వస్తుంది.

ఫైళ్ల సంగతి సాంబా చూసుకుంటుంది. 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఎస్, ఎం, బి అక్షరాలు ఆ వరసలో వచ్చే మాట ఏదుందా అని డిక్షనరీలో వెతికితే సాంబా తగిలింది. మనకు ‘షోలే’ సాంబా గుర్తొస్తాడు, అది వేరే విషయం. ఇన్‌స్టాల్ చేశాక ఇంట్లో ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్, అందరికీ కలిపి ‘కాగితాలు’ అని ఒకటి పెట్టా. ఐఫోన్‌లో అయితే ఫైల్స్ యాప్‌లోనే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ఆప్షన్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఎస్‌ఎంబీ తెలిసిన ఫైల్ మేనేజర్ ఒకటి వేసుకోవాలి, వీడియోలైతే వీఎల్‌సీ చాలు.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకో మాట. లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు. ‘నాన్న’ అన్న చిన్న మాటే 15 బైట్లు తింటుంది. దీర్ఘం, పొల్లు, ఒత్తు అన్నీ లెక్కే మరి. మొత్తానికి 85 గుర్తులు. ‘బాపు పాస్‌బుక్కు 2025’ లాంటివి హాయిగా సరిపోతాయి. సర్వే నంబర్లు, తేదీ, తాత పేరుతో సహా రాస్తే విండోస్‌లో సేవ్ అయిన ఫైలే సర్వర్ మీదికి కాపీ కాదు.

ప్రింటర్ డ్రైవర్‌కి మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. అది పాతది కాబట్టి కొన్ని 32-బిట్ లైబ్రరీలు కూడా వేయాలి. అది కూర్చున్నాక కప్స్‌లో షేరింగ్ టిక్ పెడితే, ఆండ్రాయిడ్‌లో ముందే ఉండే ప్రింట్ సర్వీస్‌కి మా పాత డబ్బా కొత్త వైఫై ప్రింటర్‌లా కనిపించింది. ఏ యాప్ అక్కర్లేదు. అమ్మ వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ తెరిచి, ప్రింట్ నొక్కి, లోపలి గదిలోంచి చప్పుడు వినపడగానే, “ఏ వైరు లేకుండ ఎట్లొచ్చిందే!” అంది.

మిగతావి చిన్న పనులే. ల్యాప్‌టాప్ మూత మూసినా నిద్రపోకుండా ఒక సెట్టింగ్, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా ఇంకోటి. హైదరాబాద్ నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టులు తెరవకండి. ఫైల్ షేరింగ్ పోర్ట్ అస్సలు వద్దు, వన్నాక్రై కథ పైనే చెప్పుకున్నాం. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ కూడా ఉండదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వేసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి.

ఏ ఓఎస్ వేసినా డిస్కు డిస్కే, ఒకరోజు పోతుంది. సర్వర్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకోకండి. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని, నేను ఊరికి వచ్చినప్పుడల్లా కాపీ తీసి, వైరు పీకి బీరువాలో పెడుతున్నా. పాస్‌బుక్కు అసలు ఉన్న అరలోనే.

ల్యాప్‌టాప్ మూత మీద ఒక తెల్ల స్టిక్కర్ అంటించా. ఐపీ అడ్రస్, కరెంటు పోయొస్తే ఏం నొక్కాలో ఒక లైను, కింద ‘2028 ఆగస్టు’. డెబియన్ 13కి పూర్తి సపోర్ట్ అప్పటిదాకా. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఎల్‌టీఎస్ ఉంటుంది గానీ, ఆ లోపే 14 వేసేయాలి. “2028లో ఏమున్నది?” అని చెల్లె అడిగింది. అప్పటికి ఆ పని తనే చేస్తుందని ఇంకా చెప్పలేదు.