చూసినవాళ్ల మాట

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు సైబీరియా నుంచి వస్తాయని టెక్కలి చుట్టుపక్కల చాలామంది చెబుతారు. అది నిజం కాదు. రెండూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే తిరిగే పక్షులు. అయితే అవి ఏ నెలలో దిగుతాయో, ఏ చెట్టు మీద గూడు పెడతాయో, మేతకు నౌపడా చిత్తడి వైపు ఏ వేళకు పోతాయో అదే ఊరివాళ్లు చెబితే, ఆ మాట రాసిపెట్టుకోదగ్గది. అది వాళ్ల కళ్లు చూసింది. సైబీరియా మాట మాత్రం చెవిన పడింది.

1902లో కడప జిల్లాలో పెలికాన్లు గూళ్లు పెట్టే చోటును మిషనరీ విలియం హోవార్డ్ కాంప్‌బెల్ లోకానికి తెలిపారు. ఆయనకు ఆచూకీ ఇచ్చింది మాత్రం, తన ఊరి దగ్గరే అవి గూళ్లు పెడతాయని మాటల్లో చెప్పిన ఒక తెలుగువాడు. అతని పేరు కూడా రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ కాంప్‌బెల్లే 1900లో అనంతపురం దగ్గర కలివికోడి అనే అరుదైన పక్షిని చూశారు. తర్వాత దశాబ్దాలపాటు దాని జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. పట్టి తెచ్చినవాడు స్థానికుడే.

హోదా ఉన్నంత మాత్రాన మాట నిజం కాదు. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1914లో గుజరాత్‌లో సేకరించానని బ్రిటిష్ కర్నల్ మైనర్ట్‌జాగెన్ చెప్పుకున్నాడు. మ్యూజియంలోని పాత నమూనాను దొంగిలించి, విప్పి, మళ్లీ కుట్టి చూపించాడని పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్‌ముస్సెన్ బయటపెట్టారు. ఆ అబద్ధపు చోటును పక్కనపెట్టి, అసలైన పాత నమూనాలు దొరికిన వైపు వెతికితే 1997లో మహారాష్ట్రలో అంతరించిందనుకున్న ఆ పక్షి బతికే కనిపించింది.

తేలినీలాపురం ఉన్న జిల్లా తీరంలోనే, మూలపేటలో ఓడరేవు పనులకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. తీరం రూపు మారిపోకముందే అక్కడి పెద్దల జ్ఞాపకాలను సేకరించాలి. అడిగే తీరు మాత్రం తెలిసుండాలి. ఎవరైనా చిన్నప్పుడు గులాబి తల బాతును చూశామంటే కొట్టిపారేయొద్దు, అలాగని వెంటనే నమ్మనూ వద్దు. ఆ బాతును ఖాయంగా చూసిన ఆఖరు సందర్భాల్లో ఒకటి 1935లో, బీహార్‌లో. చలికాలంలో మన చెరువులకు వచ్చే రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్ మగబాతు తల కూడా దూరానికి అలాగే భ్రమపెడుతుంది. కాబట్టి తల రంగు వదిలేసి ముందు ఒంటి సంగతి అడగాలి. పక్కలు తెల్లగా ఉన్నాయంటే అది పోచార్డే. ఒళ్లంతా ముదురు గోధుమరంగు అంటే, ఏ ఊరి చెరువో, ఏ నెలో, అప్పుడు పక్కన ఇంకెవరున్నారో కూడా అడగాలి.