మూత్రసంచి పరీక్ష - గొట్టం సంగతి

పాపకు ఏడేళ్లు. పుట్టినప్పుడు వెన్ను మీద గడ్డ ఉంటే ఆపరేషను చేశారు. ఇప్పటికీ బట్టలు తడుపుకుంటూనే ఉంది. మాటిమాటికీ జ్వరం వస్తోంది. పెద్దాసుపత్రి డాక్టరు మూత్రసంచి పరీక్ష చేయించమన్నారు. "గొట్టం వేస్తారట. పిల్లకేమైనా అవుతుందేమో" అని తల్లి భయం.

పక్క తడిపే ప్రతి పిల్లకూ ఈ పరీక్ష అక్కరలేదు. వెన్ను లోపం ఉన్న పిల్లలకు మాత్రం చాలా అవసరం. వాళ్ల మూత్రసంచిలో ఒత్తిడి పెరిగితే మూత్రం వెనక్కి తన్నవచ్చు. అప్పుడు మూత్రపిండాలు చెడిపోతాయి.

ఒంటేలు పోసే దారిలోంచి సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. దీన్నే క్యాథెటర్ అంటారు. దాని గుండా సెలైను నీళ్లు మెల్లగా ఎక్కిస్తారు. వెనక దారిలో ఇంకో సన్న గొట్టం పెడతారు. సంచిలో ఒత్తిడి ఎంతో మిషను చూపిస్తుంది.

పరీక్ష తర్వాత ఒకటి రెండు రోజులు మంట ఉండవచ్చు. మూత్రం లేత ఎరుపుగా రావచ్చు. నీళ్లు బాగా తాగిస్తే తగ్గిపోతుంది.

ఎప్పుడో అరుదుగా గొట్టం లోపల ముడిపడుతుంది. సన్న గొట్టం మెత్తగా ఉంటుంది. అవసరానికి మించి లోపలికి పంపితే సంచిలో చుట్టలు చుట్టుకుంటుంది. సంచి ఖాళీ అయ్యేటప్పుడు గొట్టం కొస ఆ చుట్టలోకి దూరుతుంది. ఇక లాగితే ముడి బిగుస్తుంది, చిక్కుపడ్డ దారంలాగే. బలంగా లాగితే లోపలి దారి చీరుకుపోతుంది. అందుకే గొట్టం రాకపోతే ఎవరూ గుంజకూడదు. డాక్టరు ఎక్స్‌రే తీసి చూస్తారు. గొట్టంలోకి సన్నని తీగ పంపి ముడి వదులు చేస్తారు. కుదరకపోతే మత్తిచ్చి తీస్తారు. అసలు మూత్రం రాగానే ఇంకాస్త మాత్రమే పంపి, ఆపి, ప్లాస్టరు వేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇంకో సంగతి చాలామంది చెప్పడం మరిచిపోతారు. వెన్ను లోపం ఉన్న పిల్లలు కొందరికి రబ్బరు పడదు. బుడగ ఊదినప్పుడు పెదవులు వాచాయా? దద్దుర్లు లేచాయా? ముందే చెప్పండి. రబ్బరు లేని గొట్టం, గ్లౌజులు వాడతారు. పరీక్ష రోజున జ్వరం ఉన్నా చెప్పాలి. వాయిదా వేస్తారు.

పిల్లతో "ఏమీ చెయ్యరు" అని అబద్ధమాడకండి. భయపడి బిగుసుకుంటే గొట్టం పోవడం కష్టం. "కాస్త మంట పుడుతుంది, నేను పక్కనే ఉంటాను" అనండి.

ఇంటికి వచ్చాక చలిజ్వరం వచ్చినా, రక్తం గడ్డలు పడినా, ఒంటేలు రాక పొట్ట ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగవద్దు.