ఉర్దూలో డాక్టర్లను తయారుచేసిన ఉస్మానియా

ఉస్మానియా విశ్వవిద్యాలయం అనగానే రాతి తోరణాల ఆర్ట్స్ కాలేజీ కళ్లముందు నిలుస్తుంది. 1969, 2009 తెలంగాణ ఉద్యమాలు గుర్తుకొస్తాయి. వాటికి ఎంతో ముందు అక్కడ జరిగిన ఒక పెద్ద పని మాత్రం మరుగున పడిపోయింది. వైద్యం, ఇంజనీరింగు దాకా చదువంతా ఒక భారతీయ భాషలో చెప్పవచ్చని ఉస్మానియా ముప్పై ఏళ్లపాటు చేసి చూపించింది. ఆ ప్రయోగం దెబ్బతిన్నదని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. దెబ్బతిన్నది ఉస్మానియా ఎంచుకున్న భాషే గాని, దేశభాషలో ఉన్నత చదువు అన్న ఆలోచన కాదు.

పరాయి భాషలో చదివే పిల్లవాడి శక్తంతా మాటలు బట్టీపట్టడానికే సరిపోతుందన్న వాదాన్ని హైదరాబాద్ రాజ్య ఉన్నతాధికారి అక్బర్ హైదరీ 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ముందు పెట్టారు. నిజాం ఒప్పుకున్నారు. 1918లో ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయం ఏర్పడింది, మరుసటి ఏడు తరగతులు మొదలయ్యాయి. నిర్వాహకుల దూరదృష్టి ఒక్క విషయంలో బాగా కనిపిస్తుంది: పాఠం మొదలుకాకముందే పుస్తకాల కోసం 'దారుల్ తర్జుమా' అనే అనువాద శాఖ తెరిచారు. శాస్త్రం తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ కలిసి కూర్చుని ఒక్కో మాట తేల్చేవారు. పారిభాషిక పదాలను అరబ్బీ నుంచే తేవాలని కొందరు పట్టుబడితే, జనం నోట నలిగే తీరులో ఉండాలని ఉర్దూ పండితుడు వహీదుద్దీన్ సలీం వాదించారు. మెరుపును 'బర్ఖ్' అంటారు. దానికి మామూలు క్రియల చివర వచ్చే 'ఆనా' తగిలిస్తే 'బర్ఖానా', అంటే విద్యుత్తు ఎక్కించడం. భాష ఎదిగేది ఇలాంటి చిన్న చిన్న సాహసాలతోనే.

అయితే ఉర్దూ ఆ రాజ్యంలో ఎందరి భాష? జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు మరెందరో. ఈ ఆక్షేపణకు జవాబు లేదు. నల్లగొండ రైతు బిడ్డకు పుస్తకాల ఉర్దూ కూడా పరాయిదే. రాయప్రోలు సుబ్బారావు అంతటి కవి అక్కడ తెలుగు చెప్పినా, తెలుగు ఒక పాఠ్యాంశంగానే మిగిలింది తప్ప చదువు నడిపే భాష కాలేదు. హైదరీ చెప్పిన కారణం నిజమైతే తెలుగుకూ అదే న్యాయం దక్కాలి కదా. హైదరాబాద్‌ను భారతదేశంలో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత ఆ తప్పు దిద్దే అవకాశం వచ్చింది. ఉర్దూ స్థానంలోకి వచ్చింది మాత్రం ఇంగ్లిషు.

ఇంగ్లిషు లేకపోతే ఉద్యోగాలెలా అని అడిగేవాళ్ల బాధ సబబే. కానీ ఉర్దూ మాధ్యమం నడిచిన రోజుల్లోనూ ఉస్మానియాలో ఇంగ్లిషు తప్పనిసరి పాఠ్యాంశం. ఇంగ్లిషు నేర్చుకోవడం వేరు, భౌతికశాస్త్రాన్ని ఇంగ్లిషులోనే అర్థం చేసుకోవాల్సి రావడం వేరు. ఇక తెలుగులో పుస్తకాలేవన్న ప్రశ్న. పుస్తకాలు వాటంతటవే పుట్టవు. ఎవరో కూర్చుని రాయించాలి. ఉస్మానియాలో ఆ పని తొలి తరగతికంటే ముందే మొదలైంది. తెలుగులో అదే పని కోసం తెలుగు అకాడమీ ఏర్పడింది 1968లో. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పుట్టి పన్నెండేళ్లు.